లారీ ముందు రైలెందుకు చిన్నబోయింది?

మీరు అట్టముక్కలతో మిర్యాలగూడ స్టేషన్ కట్టారు. బుల్లి రైలూ పెట్టారు. బయట వడ్ల బస్తాల లారీ లేకపోతే అది మిర్యాలగూడ ఎలా అవుతుంది? ఇంట్లో ఉన్న లారీ బొమ్మ తెచ్చి పెట్టగానే రైలుపెట్టె దాని ముందు అగ్గిపెట్టెలా అయిపోయింది! ఎందుకలా?

మీ ఇంటి ఫొటో ఒకటి చూడండి. అందులో నాన్న వేలెడంతే ఉంటారు, మీరు ఇంకా చిన్నగా ఉంటారు. అందరూ ఒకే లెక్కన తగ్గారు కాబట్టే ఎవరు పొడుగో ఇట్టే తెలుస్తుంది. బొమ్మల ఊరికీ అలాంటి ఒకే లెక్క కావాలి.

రైలు బొమ్మల్లో బాగా వాడుకలో ఉన్న లెక్క 1:87. పేరు హెచ్‌ఓ. అసలు బండి పొడవును 87తో భాగిస్తే బొమ్మ పొడవు వస్తుంది. సూర్యాపేట, కోదాడల మీదుగా విజయవాడ వెళ్లే 11 మీటర్ల బస్సు పన్నెండున్నర సెంటీమీటర్లకు దిగుతుంది. మనిషి రెండు సెంటీమీటర్లే!

అంగట్లో దొరికే బొమ్మ కార్లు చాలావరకు 1:64 దరిదాపుల్లో, అంటే హెచ్‌ఓ కన్నా పెద్ద లెక్కలో ఉంటాయి. పైగా అన్నీ ఒకే సైజు ప్యాకెట్లో పట్టాలని బస్సునూ కారునూ ఇంచుమించు ఒకే పొడవుతో చేస్తుంటారు. అందుకే ప్యాకెట్‌ని నమ్మకండి, స్కేలు పట్టుకెళ్లండి. రెండు సెంటీమీటర్ల మనిషి బొమ్మను కారు పక్కన నిలబెట్టండి. కారు పైకప్పు అతని గడ్డం దగ్గరికి రావాలి. తల దాటిపోయిందా, ఆ కారు మీ ఊరిది కాదు.

మరి ఆ పెద్ద లారీ? స్టేషన్‌కి దూరంగా, మీ కళ్లకు దగ్గరగా ముందువైపు పెట్టి చూడండి. దగ్గరివి పెద్దగా కనిపించడం మామూలే కదా!