మసక: దోషమా, గుణమా?

నిరుడు మన విద్యార్థి సంఘం వారు జరిపిన ఛాయాచిత్రాల పోటీకి న్యాయనిర్ణేతల్లో నేనూ ఒకణ్ణి. బల్లనిండా పరచిన ఫోటోల్లోంచి మొదటి వడపోతలోనే ఒకదాన్ని పక్కకు తోసేశాను. కబడ్డీ ఆట. కూతకు వెళ్లిన కుర్రవాడు పట్టు విడిపించుకుని మధ్యగీత కేసి దూకుతున్నాడు. మనిషెవరో ఆనవాలు దొరకదు. గోధుమరంగు చార ఒకటి, దాని చివర గీతమీద ఆనిన ఒక చెయ్యి. "షేకయింది" అన్నాను. మిగతా ఇద్దరూ తలూపారు. అంతే.

ఆ సాయంత్రం ఆ ఫోటో తీసిన సెకండియర్ అబ్బాయి లేబొరేటరీ గుమ్మం దగ్గర నిలబడి, "కబడ్డీ అంటేనే కదిలే ఆట కదా సార్?" అని అడిగాడు. "కదిలినా ఫోటో అంటూ స్పష్టంగా ఉండాలి కదయ్యా" అని ఏదో సర్దిచెప్పి పంపేశాను. అది జవాబు కాదని నాకు అప్పుడే తెలుసు. ఈ సంచికకు ఏదైనా రాయమని సంఘం వారు అడిగినప్పుడు ఆ బాకీ తీర్చుకుందామనిపించింది.

మా తరం వాళ్లకు మసక అంటే భయం. అందుకు కారణం లేకపోలేదు. క్లిక్-3 కెమెరాలో రోలుకు 12 ఫోటోలే వచ్చేవి. ఒకటి షేకయిందంటే పన్నెండో వంతు డబ్బు హైపోలో పోసినట్టే. స్టూడియోకి వెళితే "కదలొద్దు, రెప్ప వెయ్యొద్దు" అనేవారు. డబ్బు భయంతో మొదలైన అలవాటు క్రమంగా అభిరుచి అయి కూర్చుంది.

నిజానికి మసక అనే ఒక్క మాట కింద మూడు వేర్వేరు సంగతుల్ని కలిపేస్తున్నాం. ఫోకస్ కుదరక వచ్చేది ఒకటి, ఎదుటి వస్తువు కదిలితే వచ్చేది ఒకటి, కెమెరాయే కదిలితే వచ్చేది ఇంకొకటి.

మొదటిది చూడండి. వస్తువుమీది ఒక బిందువు నుంచి వచ్చిన కాంతి కటకం దాటి మళ్లీ బిందువుగా కలుస్తుంది. ఫిల్ము గాని, ఇప్పటి సెన్సారు గాని ఆ కలిసే చోటికి ముందో వెనకో ఉంటే, బిందువు కాస్తా బిళ్ల అవుతుంది. ఆ బిళ్ల మన కన్ను పోల్చుకోలేనంత చిన్నదిగా ఉన్నంతసేపూ "స్పష్టంగా ఉంది" అంటాం. అంటే స్పష్టత అనేది మన కంటికీ కటకానికీ మధ్య కుదిరిన రాజీ తప్ప మరేమీ కాదు.

ఈ రాజీని ప్రశ్నించిన తొలివారిలో జూలియా మార్గరెట్ కామెరాన్ ఒకరు. 1815లో కలకత్తాలో పుట్టిన ఆంగ్ల మహిళ. 1863 చివర్లో, 48వ ఏట, కూతురూ అల్లుడూ ఒక కెమెరా బహూకరిస్తే, ఇంగ్లండులో తమ ఇంటి కోళ్లగూటిని స్టూడియోగా మార్చుకుంది. కటకాన్ని తిప్పుతూ తిప్పుతూ కంటికి అందంగా తోచిన చోట ఆగిపోయేదాన్నని, ఇంకా పదునైన ఫోకస్ దాకా తిప్పాలని పట్టుబట్టేదాన్ని కాదని తానే రాసుకుంది. ఆనాటి ఫోటోగ్రఫీ పత్రికలు దాన్ని చేతగానితనమని వెక్కిరించాయి. 1867లో ఆమె తీసిన జాన్ హెర్షెల్ చిత్రం దొరికితే తప్పక చూడండి. హైపోతో ఫోటోను చెదరకుండా నిలపవచ్చని చెప్పిన శాస్త్రజ్ఞుడే ఈయన. తెల్లజుట్టు చీకట్లోంచి పొగలా లేస్తుంది, కళ్లు మాత్రం మనల్ని వదలవు.

ఇక కదలిక. ఫిజిక్సు వాణ్ణి కాబట్టి లెక్క చెప్పకుండా ఉండలేను. కబడ్డీ ఆటగాడు సెకనుకు 5 మీటర్ల వేగంతో ఉరుకుతున్నాడనుకోండి. షట్టరు సెకనులో 500వ వంతు తెరిస్తే ఆ వ్యవధిలో అతడు ఒక సెంటీమీటరు జరుగుతాడు. 15వ వంతు తెరిస్తే 33 సెంటీమీటర్లు, అంటే దాదాపు జానెడున్నర. మూడు మీటర్ల వెడల్పు స్థలం 15 సెంటీమీటర్ల ప్రింటులో పడితే, మొదటి దాంట్లో అర మిల్లీమీటరు మసక, కంటికి పెద్దగా ఆనదు. రెండో దాంట్లో ఒకటిన్నర సెంటీమీటర్లకు పైబడిన చార. మొదటి ఫోటో ఆటగాడు ఎక్కడున్నాడో చెబుతుంది, రెండోది ఎక్కణ్ణించి ఎక్కడికి వెళ్లాడో చెబుతుంది. ఏది నిజమంటే ఏం చెప్పగలం?

కెమెరా కదిలితే పుట్టే విడ్డూరానికి ఫ్రెంచి ఫోటోగ్రాఫర్ లార్తీగ్ తీసిన రేసుకారు చిత్రం మంచి ఉదాహరణ. 1912-13 ప్రాంతంలో, ఇంకా 20 ఏళ్లు నిండకుండానే తీశాడు. ఆ కెమెరా షట్టరులో సన్నటి చీలిక ఒకటి ఫిల్ము ముందుగా జారుతుంది. అది జారేలోపల కారు ముందుకు పోతోంది, కెమెరా కారు వెంట తిరుగుతోంది, కాని రెండింటి వేగాలూ కలవలేదు. ఫలితంగా చక్రం ముందుకు వాలింది, గట్టున నిలబడ్డ జనం వెనక్కి వాలారు! అతడు దాన్ని చెడిపోయిన ఫోటోగానే లెక్కవేసి పక్కన పెట్టాడు. ఇప్పుడు వేగాన్ని చూపే చిత్రాల ప్రస్తావన వస్తే ముందు దాన్నే తలుస్తారు.

1944 జూన్ 6న నార్మండీ తీరాన రాబర్ట్ కాపా తీసిన ఫోటోలు వేరే కోవలోవి. నీళ్లలో పాకుతున్న సైనికుడి ముఖం చెదిరిపోయి ఉంటుంది. ఆ క్షణపు ఉద్వేగంలో కెమెరా కదిలిందని 'లైఫ్' పత్రిక రాసింది. కాపా 1947లో అచ్చయిన తన పుస్తకానికి 'స్లయిట్లీ అవుటాఫ్ ఫోకస్' అని పేరు పెట్టుకున్నాడు. 1968లో జపానులో మొదలైన 'ప్రొవోక్' పత్రిక వాళ్లయితే గరుకునీ వణుకునీ మసకనీ ఏకంగా ఒక పద్ధతిగానే స్వీకరించారు. అందులో కొన్ని నాకు ఇప్పటికీ మింగుడుపడవు, అది వేరే సంగతి.

మన ఆలంకారికులు ఈ చిక్కును ఏనాడో విప్పారు. దోషాల్లో కొన్ని అనిత్యమన్నాడు ఆనందవర్ధనుడు. చెవికి కటువుగా తగిలే అక్షరాలు శృంగారంలో దోషం. రౌద్రంలో అవే ఉండాలి. మసక కూడా ఇలాంటి అనిత్యదోషమేనని నా అభిప్రాయం. హాల్‌టికెట్టు ఫోటోలో, ఎక్స్‌రేలో అది దోషమే, అక్కడ వాదనకు తావు లేదు. చేతగాక వణికిన ప్రతి ఫోటోనూ కళ అని దబాయించే మిత్రులకూ ఈ వ్యాసం అండగా నిలబడదు.

మరి తేడా ఎట్లా తెలుస్తుంది? నేను చూసే గుర్తు ఒకటే. మసకలో ఏదో ఒకటి నిలకడగా ఉండాలి. అది లేకపోతే దేనితో పోల్చి కదలిందంటాం? ఫోన్లో ప్రో మోడ్ ఉంటే షట్టరును 15వ వంతుకు దించి, గోడకు ఆనుకుని, మోచేతులు ఒంటికి అదిమి తీసి చూడండి. పోర్ట్రెయిట్ మోడ్‌లో ఫోనే లెక్కకట్టి పులిమే మసక మాత్రం నాకు నచ్చదు. జుట్టు అంచుల దగ్గర, కళ్లజోడు దగ్గర దాని బండారం తరచు బయటపడుతుంది.

ఇంత రాశాక ఆ కబడ్డీ ఫోటో మళ్లీ గుర్తొచ్చింది. గీతమీద ఆనిన చెయ్యి స్పష్టంగానే ఉంది కదా! వేళ్లమధ్య మట్టి కూడా కనిపించింది. మనిషంతా చెదిరిపోయి, ప్రాణం దక్కించుకున్న చెయ్యి ఒక్కటే నిలిచింది. నేను చారను చూశాను, చేతిని చూసీ లెక్కలోకి తీసుకోలేదు.

ఈ వ్యాసం పక్కన అచ్చువేయిద్దామని ఆ అబ్బాయిని పిలిచి ఫోటో అడిగాను. "మీరు తీసేశారు కదా అని ఫోన్లోంచి నేనూ తీసేశాను సార్" అన్నాడు. ప్రింటు కోసం సంఘం గది బీరువా వెతికించాను. బహుమతులు వచ్చినవి కవర్లో పెట్టి భద్రంగా ఉన్నాయి. మిగతావి లేవు.