మాత్ర కంటే ముందు పరీక్ష

ఇంట్లో ఎవరికైనా ఊపిరితిత్తుల క్యాన్సర్ అని తేలగానే ఎవరో ఒకరు చెబుతారు: "దానికిప్పుడు మాత్రలొచ్చాయట, కీమో అక్కర్లేదట." అది సగం నిజం. ఆ మాత్ర ఎవరికి పనిచేస్తుందో ముందే చెప్పే పరీక్ష ఒకటుంది. అది చేయించకుండా మాత్ర జోలికి వెళ్లకూడదు.

మన కణాల మీద ఈజీఎఫ్ఆర్ అనే ప్రొటీన్ ఉంటుంది. కణాన్ని పెరగమని చెప్పే స్విచ్ అది. కొందరి కణితిలో జన్యువు మారిపోయి ఆ స్విచ్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉండిపోతుంది. ఈ మార్పే మ్యుటేషన్. జెఫిటినిబ్, ఎర్లోటినిబ్, ఒసిమెర్టినిబ్ మాత్రలు ఆ ప్రొటీన్‌నే పట్టి ఆపుతాయి.

మ్యుటేషన్ లేనివాళ్లు వేసుకుంటే? తూర్పు ఆసియాలో 1,217 మందితో జరిగి 2009లో వెలువడిన ఐపాస్ అధ్యయనం దీనికి తిరుగులేని జవాబిచ్చింది. మ్యుటేషన్ ఉన్నవాళ్లలో జెఫిటినిబ్‌తో నూటికి 71 మందికి కణితి బాగా తగ్గింది, కీమోతో 47 మందికి. మ్యుటేషన్ లేనివాళ్లలో కీమోతో నూటికి సుమారు 23 మందికి తగ్గితే, మాత్రతో తగ్గింది ఒక్కరికి. పరీక్ష లేకుండా మాత్ర మొదలుపెట్టడమంటే, పనిచేసే వైద్యాన్ని చేజేతులా వదులుకునే ప్రమాదాన్ని నెత్తికెత్తుకోవడమే.

"మావారు సిగరెట్ ముట్టలేదు కదా, మ్యుటేషన్ ఉండే ఉంటుంది" అనుకోవద్దు. పొగతాగనివాళ్లలో అది ఎక్కువగా కనిపిస్తుందన్న మాట నిజమే కానీ, తాగేవాళ్లలోనూ ఉంటుంది. మన దేశంలో అడినోకార్సినోమా రకం ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చినవాళ్లలో దాదాపు నలుగురిలో ఒకరికి ఉంటుంది. పరీక్షను బయాప్సీలో తీసిన ముక్కతోనే చేస్తారు. ముక్క చాలకపోతే రక్తంతో చేయవచ్చు. అయితే రక్తంలో కనబడలేదంటే మ్యుటేషన్ లేనట్టు కాదు. అప్పుడు మళ్లీ ముక్క తీయాల్సి రావచ్చు.

మాత్ర ఎంతకాలం కాపాడుతుంది? ఒసిమెర్టినిబ్‌ను పాత మాత్రలతో పోల్చిన ఫ్లోరా అధ్యయనంలో 556 మంది ఉన్నారు. జబ్బు ముదరకుండా నిలిచిన కాలం పాత మాత్రలతో 10.2 నెలలు, దీనితో 18.9 నెలలు. ఇది మధ్యస్థ లెక్క: సగంమందికి అంతకంటే తక్కువ, సగంమందికి ఎక్కువ. బతికిన కాలం 31.8 నెలల నుంచి 38.6 నెలలకు పెరిగింది. అంటే దాదాపు ఏడు నెలలు ఎక్కువ. శరీరంలో పాకిపోయిన జబ్బును మాత్ర అదుపులో పెడుతుందే తప్ప, సాధారణంగా పూర్తిగా తీసేయలేదు. కొంతకాలానికి కణితి కొత్త దారి వెతుక్కుంటుంది.

తొలి దశల్లో ఆపరేషన్ చేయించుకున్నవాళ్ల కథ వేరు. మ్యుటేషన్ ఉండి, మూడేళ్లపాటు రోజుకొక ఒసిమెర్టినిబ్ మాత్ర వేసుకున్నవాళ్లలో అయిదేళ్ల తర్వాత నూటికి 88 మంది బతికి ఉన్నారు. వేసుకోనివాళ్లలో 78 మంది.

అసలు కీమో వద్దా? ముంబయిలోని టాటా మెమోరియల్ ఆసుపత్రి 350 మందితో అధ్యయనం చేసి చూసింది. జెఫిటినిబ్ ఒక్కటే ఇస్తే జబ్బు 8 నెలలు నిలిచింది, కీమో కలిపితే 16 నెలలు. కానీ తీవ్రమైన దుష్ప్రభావాలు నూటికి 25 మంది నుంచి 51 మందికి పెరిగాయి. వయసు, ఒంటి బలం చూసి డాక్టరుతో కూర్చుని తేల్చుకోవాల్సిన విషయమిది.

ఖర్చు గురించి నిర్మొహమాటంగా అడగండి. ఒసిమెర్టినిబ్‌పై 10 శాతం దిగుమతి సుంకాన్ని కేంద్రం 2024 జులైలో ఎత్తేసింది, అదే ఏడాది జీఎస్టీని 12 నుంచి 5 శాతానికి తగ్గించింది. అయినా బ్రాండు మందు భారమే. జెఫిటినిబ్ జనరిక్‌లు చాలా చవక. హైదరాబాద్ కంపెనీ నాట్కో కూడా తయారుచేస్తోంది.

ఈ మాత్రలతో ఒంటి మీద దద్దుర్లు, విరేచనాలు, గోరుచుట్టు రావచ్చు. చాలావరకు వీటిని మందులతో అదుపులో పెట్టవచ్చు. కానీ మాత్ర వాడుతుండగా కొత్తగా పొడి దగ్గు, ఆయాసం మొదలైతే మాత్రం ఆ రోజే డాక్టరుకు ఫోన్ చేయండి. అరుదుగానే అయినా, మందు వల్లే ఊపిరితిత్తులు వాచే అవకాశం ఉంది.