పక్క బోరులో నీళ్లు, మన బోరులో దుమ్ము

గట్టు అవతల బోరు వేస్తే రెండించుల నీళ్లు పడతాయి. ఇవతల ముప్పై అడుగుల దూరంలో వేస్తే తెల్లటి రాతిపొడి లేస్తుంది. తెలంగాణలోనూ రాయలసీమలోనూ చాలా ఊళ్లకు ఇది అనుభవమే. కొబ్బరికాయ పట్టి చూసినవాణ్ణో, నుదుటి రాతనో తిట్టుకుంటాం కానీ, కారణం నేల అడుగున ఉంది.

ఈ ప్రాంతంలో ఎక్కువ భాగం కింద ఉన్నవి గ్రానైటు, నైస్ రాళ్లు. వాటి వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. పగుళ్లు లేని గ్రానైటులో నీటికి చోటే ఉండదు. చోటు కల్పించింది వాన నీరే. లక్షల ఏళ్లుగా ఇంకుతూ అది రాతిని పైనుంచి చివకబెట్టింది. ఫెల్‌స్పార్ బంకమట్టి అయింది, క్వార్ట్‌జ్ ఇసుకగా మిగిలింది. బావి తవ్వేటప్పుడు తగిలే మొరం ఇదే. దాని కింద రాయి పూర్తిగా చివకలేదు. అందులోని నల్ల అభ్రకం తడికి ఉబ్బడంతో పొరలు పొరలుగా పగిలింది. ఇంకా లోతుకు పోతే పగుళ్లు తగ్గిపోయి గట్టి బండ వస్తుంది.

మొరం నీటిని దాచుకుంటుంది, కానీ బంకమట్టి కలిసి ఉండటంతో నెమ్మదిగా వదులుతుంది. పగుళ్లలో పట్టే నీరు కొంచెమే, పారడం మాత్రం వేగంగా పారుతుంది. బోరుకు మంచి పగులు తగిలిందంటే, అది చుట్టుపక్కల మొరంలోని నీటిని లాక్కొచ్చి ఇస్తుంది. తప్పిపోయిందా, మిగిలేది పొడే. హైదరాబాద్ దగ్గర మహేశ్వరంలో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ), ఫ్రెంచి శాస్త్రవేత్తలు కలిసి ఏళ్ల తరబడి పరిశోధించారు. నీరు పారే పగుళ్లలో అత్యధికం సుమారు 35 మీటర్ల లోపే ఉన్నాయని తేల్చారు. అక్కడక్కడా లోతైన పగుళ్లు ఉండకపోవు. అయినా వెయ్యి అడుగులు దించితే ఖర్చు పెరిగినంత ఖాయంగా నీరు పెరగదు.

ఇక వాన లెక్క చూద్దాం. తెలంగాణలో ఏటా సగటున 900 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. అందులో పెద్ద వాటా నేల నుంచీ ఆకుల నుంచీ ఆవిరై తిరిగి గాలిలో కలుస్తుంది. కొంత వాగుల పాలవుతుంది. గ్రానైటు నేలలో లోపలికి చేరేది సుమారు పదో వంతు, అంటే 90 మిల్లీమీటర్లు. మొరం తన పరిమాణంలో రెండు, మూడు శాతం నీటినే బావికి వదులుతుంది. అంత ఇరుకు చోటు కాబట్టి ఆ 90 మిల్లీమీటర్లకే నీటిమట్టం మూడు నుంచి నాలుగున్నర మీటర్లు లేస్తుంది. అదే నీరు డెల్టా ఇసుకలో ఇంకితే, అది 16 శాతం దాకా వదలగలదు కనుక, మట్టం అర మీటరుకు కాస్త పైన లేచి ఆగుతుంది. బోరు పొంగిందని మురిసిపోయే ఏడాదే వేసవికి ఎండిపోవడం అందుకే. మట్టం ఎత్తుగా కనిపించినా కింద ఉన్న నిల్వ కొద్దిపాటిదే.

యాసంగి వరికి 1,000 మిల్లీమీటర్లకు పైగా నీరు పెడతాం. అందులో సగం మళ్లీ ఇంకిపోతుందనుకున్నా, ఒక్క ఎకరం వరి అయిదారు ఎకరాల్లో ఇంకిన వానను తాగేస్తుంది. చెరువు ఉన్న ఊళ్లో బోర్లు మరికొన్నాళ్లు పోస్తాయి. వాగుల్లో కొట్టుకుపోవాల్సిన నీటిని కట్ట ఆపి, ఇంకేందుకు నెలల గడువిస్తుంది కాబట్టి. పూడిక పేరుకున్న కొద్దీ ఆ మేలు తగ్గుతుంది.

2000 దశకంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరువు జిల్లాల్లో రైతులే వానను, బోర్ల నీటిమట్టాలను కొలిచి నమోదు చేసుకున్నారు. వానాకాలం ముగిశాక ఊరంతా కూర్చుని, ఉన్న నీరెంత, వేయదలచిన పంటలకు కావలసిందెంత అని లెక్కగట్టారు. పంట మాత్రం ఎవరి ఇష్టం వాళ్లదే. అయినా లెక్క కళ్లెదుట ఉండటంతో చాలామంది వరి తగ్గించి తక్కువ నీటి పంటలకు మళ్లారు. బోరు బండిని పిలవడానికి లక్షలు కావాలి. మట్టం కొలవడానికి తాడు చాలు, వానమాపకం ఊరికొకటి చాలు. ఏ పంట వేయాలో తేల్చుకోవడానికి పనికొచ్చేవి ఈ రెండే.