ముందు నీటి దారి, తర్వాతే చెక్కపని

మేముండే వాటర్‌ఫోర్డ్ వైపుని ఐర్లాండ్‌లో ‘సన్నీ సౌత్ ఈస్ట్’ అంటారు. మిగతా దేశం కన్నా ఎండ కాస్త ఎక్కువని. మన లెక్కలో అది ఎండే కాదనుకోండి! ఇక్కడ పాత క్యాంపర్ కొనేవాళ్లు ఎన్ని మైళ్లు తిరిగిందో చూసే ముందు, వాన దాన్నేం చేసిందో చూడాలి.

మేం కొన్నది తొంభైల నాటి ఫియట్ డుకాటో మీద కట్టిన బండి. నలుగురం పడుకోవచ్చు. గోడలకి తెల్ల రంగు, కొత్త కార్పెట్. ‘పైన పటారం, లోన లొటారం’ అన్న మాట గుర్తొచ్చి, చెక్కలో తేమ చూపించే చిన్న మీటర్ పట్టుకెళ్లాను. సుమారు 15 శాతం లోపు ఉంటే దిగులు లేదు, 20 దాటితే అనుమానించాలి. మంచం వెనక మూలలో 30 దాటింది. అది చూపించే ధర తగ్గించాం.

ఈ బండ్ల గోడ ఒక శాండ్‌విచ్ లాంటిది. బయట పల్చటి అల్యూమినియం రేకు, లోపల 3 ఎంఎం ప్లైవుడ్, మధ్యలో సన్నటి చెక్క ఫ్రేమ్, ఫోమ్. అతుకులు, కిటికీలు, పైకప్పు వెంట్, స్క్రూ రంధ్రాలు... ఎక్కడ సందు దొరికినా నీరు దిగి, లోలోపలే పాకి, ఇంకెక్కడో తేలుతుంది. ఎర్రర్ కనిపించిన చోటే బగ్ ఉండదని మా ఆఫీసులో రోజూ అనుకునే మాటే. మా బండిలో తడిసింది మంచం మూల, కారుతున్నది దానికి మీటరున్నర ముందున్న రూఫ్ వెంట్.

ప్లైవుడ్ ఊడదీస్తే లోపలి చెక్క వేలితో నొక్కగానే నానిన అటుకుల్లా ముద్దయింది. కుళ్లినదంతా గట్టి చెక్క తగిలేదాకా కోసేశాం. డీహ్యూమిడిఫైయర్ పెట్టి ఆరు వారాలు ఆరబెట్టాం. ఓపిక పరీక్షంటే అదే. వెంట్ చుట్టూ పాత సీలెంట్ గీకి బ్యూటైల్ టేప్ వేశాం. సిలికాన్ వాడొద్దు. దాని మీద తర్వాత ఇంకేదీ సరిగా అంటుకోదు.

గుంటూరు నుంచి మా పెదనాన్న వీడియో కాల్‌లో చూసి, “టేకు వెయ్యరా, మనవల దాకా ఉంటుంది” అన్నారు. ఆయన లెక్క ఇంటికి సరే. ఇక్కడ మామూలు కారు లైసెన్సుతో నడపగలిగేది 3,500 కిలోల దాకానే. పైగా బండి ప్లేటు మీద రాసిన బరువు అంతకన్నా తక్కువ ఉండొచ్చు. ఎనిమిది బై నాలుగు అడుగుల బర్చ్ ప్లైవుడ్ షీటు 18 ఎంఎం మందంలో సుమారు 35 కిలోలు. అదే 12 ఎంఎం పాప్లర్ ప్లై అయితే అందులో సగం కన్నా తక్కువ. వంద లీటర్ల నీళ్లంటే వంద కిలోలు. అల్మరాలకు పాప్లరే వాడాం.

అసలు భయం కార్పెట్ కింద బయటపడింది. స్టవ్ దగ్గర నేలలో ఉన్న రంధ్రాలకు ఎవరో టేప్ అంటించారు, చలిగాలి రాకుండా కాబోలు. అవి గ్యాస్ పోవడానికి పెట్టినవి! ఎల్‌పీజీ గాలి కన్నా బరువు. లీకైతే నేల మీదే పేరుకుంటుంది. మా ఆవిడ చూసి ఒకటే అంది: “గ్యాస్ పని తెలిసినవాళ్లు చూసి సరేనన్నాకే పిల్లలు ఇందులో పడుకునేది.” టేపు పీకేశాం, పాత రబ్బరు గొట్టాలు మార్పించాం, కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టాం. దానికి రెండు వారాంతాలు, కాస్త గట్టి ఖర్చూ అయ్యాయి. ఈ ఒక్కచోట బేరం ఆడలేదు.

మన వంటకి ఇంకో చిక్కుంది. పప్పు కుక్కర్ మూడు విజిల్స్ వేసేసరికి కిటికీల మీద నీళ్లు కారతాయి. వాన ఆపి లోపల మనమే వాన కురిపించినట్టు! అందుకే వెంట్‌లో 12 వోల్టుల ఫ్యాన్ పెట్టాం, స్టవ్ వెనక తుడిస్తే పోయే స్టీల్ రేకు వేశాం. తాలింపు మాత్రం బయట చిన్న స్టవ్ మీదే.

మాది ముందే క్యాంపర్‌గా రిజిస్టరైన బండి. ఖాళీ వ్యాన్ కొని మార్చాలనుకునేవాళ్లు మాత్రం రెవెన్యూ శాఖ నిబంధనలు ముందే చదవండి. సీట్లు, బల్ల, పడక, వంట ఏర్పాటు, సామాను అరలు ఉండాలి, వాటిని బండికి బిగించి ఉండాలి.

ఇక సీట్ల గుడ్డ మిగిలింది. అమ్మ మంగళగిరి చేనేత పంపుతానంటోంది. అది వచ్చేలోపు దిండ్ల కింద పలకలకు రంధ్రాలు చేస్తున్నా, గాలి ఆడేందుకు.