మా దొడ్లో గినీకోళ్ళు

గినీకోళ్ళను పెంచేవాడికి ఇరుగుపొరుగుతో తగువు తప్పదని తెలుగులో ఒక సామెత ఉండి తీరవలసింది. లేదు. కాకిమీదా, కోడిమీదా, కొంగమీదా అన్నేసి సామెతలు చెప్పుకున్న మనవాళ్ళు దీన్ని వదిలివేశారంటే, ఇది మనదేశపు పక్షి కాకపోవటమే కారణమై ఉండాలి. దీని పుట్టిల్లు ఆఫ్రికా. అక్కడి గినీ తీరం పేరే దీనికి అంటుకున్నది. మన పల్లెల్లో 'గిన్నెకోడి' అనటం కూడా కద్దు. గిన్నెకూ దీనికీ ఏ సంబంధమూ లేదు. అర్థంకాని పేరును అర్థమయ్యే మాటగా మార్చుకోవటం జనం నాలుకకున్న గుణం. తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి గనుక ముందు ఈ సంగతి చెప్పకుండా ఉండలేకపోయాను.

చూడనివారి కోసం రూపం కూడా చెబుతాను. ఇంచుమించు నాటుకోడి అంత పక్షి. బూడిదరంగు ఈకలమీద ముత్యాలు చల్లినట్టు తెల్లని చుక్కలు. తలా, మెడా బోడి. నెత్తిన కొమ్ములాంటి బొడిపె. ముక్కుకు రెండు పక్కలా ఎర్రని లోలకులు. పూర్వం గ్రీకులు దీన్ని గురించి ఒక కథ చెప్పుకున్నారు. మెలియాగర్ అనే వీరుడు చనిపోతే, అతని అక్కచెల్లెళ్ళు ఏడ్చి ఏడ్చి ఈ పక్షులైపోయారట. ఆ కన్నీటి బొట్లే ఈ చుక్కలట. 1758లో లిన్నేయస్ దీనికి శాస్త్రీయనామం పెడుతూ ఆ వీరుడి పేరునే వాడుకున్నాడు. మనవాళ్ళూ రసికతలో తీసిపోలేదు. బరేలీ దగ్గర ఇజ్జత్‌నగర్‌లో ఉన్న కేంద్ర పక్షి పరిశోధన సంస్థవారి గినీకోళ్ళ రకాలలో ఒకదాని పేరు కాదంబరి, ఒకదాని పేరు శ్వేతాంబరి. బాణభట్టు వింటే ఏమనుకునేవాడో!

రూపం సరే. గొంతు విన్నాక ఆ కన్నీటి కథ నమ్మబుద్ధి కాదు.

ఇవి మా ఇంటికి నేను కోరి తెచ్చుకున్నవి కావు. మూడేళ్ళ క్రితం మా బావమరిది ఉద్యోగం బదిలీ అయి వెళుతూ, "పన్నెండే బావా! వాటి మేత అవే చూసుకుంటాయి" అని మాకు అప్పగించి పోయాడు. మేతమాట నిజమే. మిడతలు, చెదలు, పురుగులు, గడ్డిగింజలు ఏరుకుంటూ పొద్దున్నుంచీ మందగా తిరుగుతాయి. నాటుకోడిలాగా కూరపాదులను అంతగా కెలకవు. పడకమాటే అతను చెప్పలేదు. పొద్దుగూకేసరికి పన్నెండూ ప్రహరీగోడ దాటి పక్కింటివారి మామిడిచెట్టెక్కేవి.

పక్కింటాయన ఉద్యోగం విరమించిన పెద్దమనిషి. ఆ ఏడాదే గుండెకు ఆపరేషన్ అయింది. రాత్రివేళ గోడమీద పిల్లి నడిచినా, ఎక్కడో టార్చిలైటు మెరిసినా చెట్టుమీద పన్నెండు గొంతులూ ఒక్కసారిగా లేచేవి. తుప్పుపట్టిన గిలకలు పన్నెండు కలిసి తిరిగినట్టుండేది. ఆయన నాలుగు రాత్రులు ఓర్చుకుని అయిదోనాడు గోడదగ్గరికి వచ్చారు.

"మాస్టారూ, పగలు ఎంత అరిచినా ఫరవాలేదండీ. రాత్రి మాత్రం నా ప్రాణంమీదికి వస్తోంది" అన్నారు.

కోపంగా అనివుంటే నేనూ ఏదో బదులు చెప్పివుందును. ఆయన చేతిలో మందుబిళ్ళల డబ్బా ఉన్నది.

సంతలో అమ్మివేయటం తేలిక. మా అమ్మాయి అన్నం మానేస్తానన్నది. రెక్కల ఈకలు కత్తిరించమని ఒకరు సలహా ఇచ్చారు. కత్తిరిస్తే చెట్టెక్కలేవు, నిజమే. నేలమీద కుక్కకో జంగపిల్లికో ఆహారమవుతాయి. ఇక మిగిలింది పొద్దుగూకగానే మా గూటికి వచ్చే అలవాటు చేయటం.

చీకట్లో గినీకోడికి చూపు ఆనదు. కొమ్మమీంచి కదలదు. ఒక అమావాస్య రాత్రి కొబ్బరిచెట్లెక్కే అతను వచ్చి, పక్కింటాయన ఇచ్చిన నిచ్చెన వేసుకుని, ఒక్కొక్కదాన్నే రెక్కలు రెండు చేతులా అదిమిపట్టి గోనెసంచిలో దించాడు. కాళ్ళు పట్టి లాగకూడదు; వీటికి కాళ్ళు ఇట్టే దెబ్బతింటాయి. ఆ రాత్రి మా వీధిలో నిద్రపోయినవారు లేరు.

గూడు గాలి ఆడేటట్టు, ముంగిస దూరకుండా సన్నని వలతో కట్టించాను. లోపల నిలువెత్తున వెదురుబొంగులు అడ్డంగా పెట్టించాను. ఎత్తు లేకపోతే వీటికి నిద్రపట్టదు. ఆరు వారాలు తలుపు తీయలేదు. రోజూ సాయంకాలం ఒకే వేళకు రేకుడబ్బాలో జొన్నలు గలగలలాడించి లోపల చల్లేవాణ్ణి. ఈ జొన్నలు మరే వేళా దొరకవు. చీకటిగా ఉన్న గూట్లోకి ఇవి అడుగుపెట్టవు గనుక ఒక చిన్న బల్బు కూడా వెలిగించి ఉంచేవాళ్ళం.

అసలు కిటుకు విడిచిపెట్టటంలో ఉన్నది. ఏడోవారం రెండింటినే వదిలాను. లోపల ఉన్న పది పిలుస్తూంటే ఆ రెండూ గూటిచుట్టూ తిరుగుతూనే ఉన్నవి గానీ మామిడిచెట్టువంక చూడలేదు. డబ్బా చప్పుడవగానే తోసుకుంటూ లోపలికి వచ్చాయి. తరవాత నాలుగు, ఆపైన ఎనిమిది, చివరికి అన్నీ. గినీకోడి మనిషికి మచ్చిక కాదు, మందకు కట్టుబడి ఉంటుంది. కెన్యాలో ఉండే రాబందుతల గినీకోళ్ళు దీనికి జ్ఞాతులు. వాటిమీద 2019లో వెలువడిన పరిశోధనలో తేలిందేమంటే, ఏ మంద పక్షులు ఆ మందలోనే స్థిరంగా ఉంటాయట. పైగా కొన్ని మందలు తమకు నచ్చిన కొన్ని మందలతోనే కలిసి తిరుగుతాయట. ఇంత బోడితలలో అంత లోకజ్ఞానం!

ఒక పోతు మాత్రం లొంగలేదు. అన్నిటినీ వదిలిన మూడోరోజునుంచి ఒంటరిగా మామిడిచెట్టే ఎక్కింది. అయిదోనాటి పొద్దున చెట్టుకింద ఈకలు కనిపించాయి. మా అమ్మాయి ఆ చుక్కల ఈకలు పుస్తకంలో దాచుకున్నది.

ఆడా మగా గుర్తించటం ఎలాగని అడుగుతుంటారు. మగదాని లోలకులు పెద్దవి. అంతకంటె నమ్మకమైనది గొంతు. మగది ఒంటి అరుపు అరుస్తుంది. ఆడదాని పిలుపు రెండక్షరాలది: ఒక లఘువు, దానిమీద సాగదీసిన గురువు, అంటే ఛందస్సులో వగణం. ఆడది మగ అరుపు కూడా అరవగలదు. మగదానికి వగణం రాదు. మా విద్యార్థులలో కొందరికి గణవిభజన ఈ కోళ్ళే నేర్పాయి.

వేసవిలో గుడ్లవేళకు మగవి నాటుకోడిపుంజును కూడా తరిమి తోక ఈకలు పీకుతాయి. నాలుగైదు పెట్టలకు ఒక పోతును ఉంచి, మేతతొట్లు దూరదూరంగా పెడితే కొంత నయం. పెట్టలు పొదల్లో రహస్యంగా గుడ్లు పెడతాయి. ఒకే గుంటలో నలుగురైదుగురు కలిసి పాతికా ముప్పై పెట్టినా ఆశ్చర్యం లేదు. అక్కడే పొదిగితే రాత్రి జంగపిల్లి వదలదు. అందుకని మధ్యాహ్నందాకా గూట్లోనే ఉంచుతున్నాం. చాలా గుడ్లు అక్కడే పడుతున్నవి. వాటిని నాటుకోడిపెట్టకింద పెడతాం. కోడిగుడ్డుకు 21 రోజులైతే వీటికి 26 నుంచి 28. ఆ చివరి వారం పెట్ట విసిగి లేచిపోకుండా చూసుకోవాలి. పిల్లలకు తడి మృత్యువు. మంచుపడ్డ గడ్డిలోకి వదలకూడదు. నీళ్ళగిన్నెలో మునగకుండా గులకరాళ్ళు వేయాలి. మొదటిసారి లేచిన 13 పిల్లలలో 8 దక్కాయి.

పగటి అరుపులు తగ్గలేదు. తగ్గవు కూడా. కిందటి వానాకాలం పక్కింటివారి బావిగట్టుమీద ఇవి గుమిగూడి గోల చేస్తుంటే వెళ్ళి చూశాం. గట్టు సందులో కట్లపాము. ఆ తరవాత పక్కింటాయన పగటి అరుపుల ప్రసక్తి తేలేదు.

ఇప్పుడు మందలో 19 ఉన్నవి. సాయంత్రం అయిదూ ముప్పావుకు డబ్బా గలగలమనగానే వరుసకట్టి వస్తాయి. గోడ అవతలనుంచి, "ఎన్ని వచ్చాయి మాస్టారూ?" అని వినపడుతుంది. లెక్కచూసి చెబుతాను. ఒకటి తగ్గిన రోజున ఆయనే టార్చి తీసుకుని మామిడిచెట్టుకిందికి వెళ్ళి చూస్తారు.