వానలు వెనుదిరిగే వేళ రిషి వ్యాలీ

మదనపల్లెకు వాయవ్యంగా సుమారు 16 కిలోమీటర్ల దూరంలో, గుండ్రాళ్ల కొండల నడుమ రిషి వ్యాలీ ఉంది. ఈ లోయ అడుగే సముద్రమట్టానికి దాదాపు 750 మీటర్ల ఎత్తు. సమీపంలోని హార్సిలీ హిల్స్, అంటే స్థానికుల ఏనుగు మల్లమ్మ కొండ, 1,260 మీటర్ల దాకా లేస్తుంది. హిమాలయాలతో పోలిస్తే ఇది లెక్కలోకి రాని ఎత్తు. కానీ రాయలసీమ ఎండల్లో ఒక ప్రాంతపు గాలిని, నీటిని, చెట్టుచేమను మార్చడానికి ఇంత ఎత్తు చాలు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ఉన్న ఉమ్మడి చిత్తూరు జిల్లా పడమటి మండలాలన్నీ మైసూరు పీఠభూమి అంచున ఉన్నాయి. అక్కడి నుంచి తూర్పుగా కలకడ, పీలేరు వైపు వెళ్లేకొద్దీ నేల దిగుతూ పోతుంది.

ఈ కొండలకు జనం ఎక్కువగా వేసవిలోనే వెళతారు. ఆ అలవాటు పాతదే. 1860లలో కడప కలెక్టరుగా పనిచేసిన హార్సిలీ వేసవి విడిది కోసం కొండ మీద ఇల్లు కట్టుకున్నాడు. కొండకు ఆయన పేరు అలా వచ్చింది. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడేదాకా మదనపల్లె కడప జిల్లాలోనే ఉండేది. అయితే చల్లదనం కోసం కాక లోయను చూడటానికే వెళ్లేవారికి సరైన కాలం వేసవి కాదు. సెప్టెంబరు చివరి నుంచి అక్టోబరు నడిమి వరకు, భాద్రపదం ముగిసి ఆశ్వయుజం నడిచే రోజులే మేలు.

దానికి కారణం ఇక్కడి వానల తీరు. జూన్, జూలై నెలల్లో నైరుతి గాలులు తమ తేమలో అధిక భాగాన్ని పడమటి కనుమల మీదే కురిపించి వస్తాయి. కనుమల చాటున పడిన ఈ ప్రాంతానికి అప్పుడు దక్కేది ఎక్కువగా మబ్బూ గాలీ మాత్రమే. సెప్టెంబరులో నైరుతి బలం తగ్గుతుంది. పగటి ఎండకు వేడెక్కిన గాలి పైకి లేచి, సాయంత్రానికి ఉరుములతో కూడిన జల్లులవుతుంది. మామూలుగా అక్టోబరు 20 ప్రాంతంలో ఈశాన్య రుతుపవనాలు మొదలై, బంగాళాఖాతం వాయుగుండాలు ముసురు తెస్తాయి. ఏడాది వానలో పెద్ద వాటా ఈ రెండు మూడు నెలల్లోనే పడుతుంది. ఉత్తర దేశాల్లో శరత్తు ఆకులు రాలే కాలమైతే, ఇక్కడ అది కొండలు పచ్చబడే కాలం.

ఎత్తుకు పోయేకొద్దీ గాలి పీడనం తగ్గుతుంది. పైకి లేచిన గాలి ఆ తక్కువ పీడనంలో వ్యాకోచించి చల్లబడుతుంది. ఉష్ణోగ్రత సగటున కిలోమీటరుకు 6.5 డిగ్రీలు, మబ్బు కట్టని పొడిగాలిలో దాదాపు 9.8 డిగ్రీలు తగ్గుతుంది. మదనపల్లెకూ హార్సిలీ హిల్స్‌కూ ఉన్న తేడా 560 మీటర్లకు అటూఇటుగా కాబట్టి, కొండపైన మూడున్నర నుంచి అయిదున్నర డిగ్రీల చల్లదనం ఉండాలన్నది లెక్క. శిఖరం మీద పీడనం సముద్రమట్టం కంటే సుమారు 14 శాతం తక్కువ. అక్కడ నీళ్లు 96 డిగ్రీల దగ్గరే మరుగుతాయి.

రాత్రిపూట ఈ లెక్క తలకిందులు కావచ్చు. వాన వెలిసి ఆకాశం తేటపడిన రాత్రి నేల తన వేడిని త్వరగా వదిలేస్తుంది. వాలుల మీద చల్లబడి బరువెక్కిన గాలి, నీళ్లలాగే పల్లానికి జారి లోయ అడుగున చేరుతుంది. అప్పుడు పైనున్న వాలు కంటే అడుగే చల్లగా ఉంటుంది. నేల తడిగా ఉన్నందువల్ల ఆ గాలిలోని ఆవిరి మంచుగా మారి చెట్ల మధ్య పరుచుకుంటుంది. ఎండ నేలను తాకి, గాలి కలగలిసేదాకా అది పోదు. తూర్పు కొండ వెనుక నుంచి సూర్యుడు ఆలస్యంగా కనబడతాడు కనుక లోయలో మంచు ఇంకాస్త సేపు నిలుస్తుంది. మంచు లోయను చూడాలంటే తెల్లవారకముందే వాలు ఎక్కి పైనుంచి చూడాలి.

కొండలన్నీ గ్రానైటు, నైస్ రాళ్లు. వీటి వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. పైనున్న పొరలు కొట్టుకుపోయి బరువు తగ్గినప్పుడు రాయి పెచ్చులుగా విడుతుంది. బీటల్లోకి దిగిన నీరు రాతి అంచులను మెల్లగా అరగదీస్తుంది. ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు కనిపించే గుండ్లు అలా ఏర్పడినవే. రాతిలోని ఫెల్డ్‌స్పార్ ఖనిజం బంకమట్టిగా, ఇనుము ఎర్రటి ఆక్సైడుగా మారి చుట్టుపక్కల ఎర్రనేల అయింది. గట్టి రాయి నీటిని పీల్చుకోదు. నీరు నిలిచేది దాని బీటల్లోనూ, పైనున్న దొనల్లోనూ. ఎండాకాలంలో ఒట్టి గుంటగా ఉండే దొన, వానలకు నిండితే కప్పపిల్లలకూ పురుగులకూ నెలవు అవుతుంది. అది ఎండేలోగా వాటి ఎదుగుదల పూర్తి కావాలి. నల్లగా అట్టకట్టి చచ్చినట్టున్న నాచు తడి తగిలిన కాసేపట్లోనే పచ్చబడుతుంది.

వాలుల మీద ఈ కాలంలో తంగేడు పూస్తుంది, సీతాఫలాలు పండుతాయి. ఆ పళ్లు కొండ పిట్టలకూ ఊరి జనానికీ ఉమ్మడి ఆస్తి.

లోయలో అందరికంటే విలువైన నివాసి గొంతు పసుపుపచ్చగా ఉండే ఒక పికిలి పిట్ట. దక్షిణ భారతంలోని రాతికొండల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా ఇది బతకదు. 19వ శతాబ్దంలో ప్రకృతి శాస్త్రవేత్త జెర్డన్ దీన్ని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. ఇప్పుడు ఇది ముప్పు పొంచి ఉన్న జాతుల జాబితాలో ఉంది. దీనికి దట్టమైన అడవి పనికిరాదు, బోడికొండ కూడా సరిపోదు. గుండ్ల మధ్య పొదలుండి, వాటికి చిన్న పళ్లు కాయాలి. రాయి కొట్టే క్వారీలు, పొదలు కాల్చే మంటలు దీనికి మృత్యువు. మామూలు పికిలిలా ఇది ఊళ్లోకి రాదు. మనిషి అలికిడికే పొదలోకి దూరుతుంది. దీన్ని చూడాలంటే దూరంగా కదలకుండా కూర్చోవాలి. రికార్డు చేసిన కూతలు వినిపించి పిలవడం పిట్టను అనవసరంగా బెదరగొట్టడమే.

సెప్టెంబరు నుంచే వలస పక్షులూ దిగుతాయి. తోక ఆడిస్తూ వంకల పక్కన పురుగులేరుకునే బూడిదరంగు వాగ్‌టెయిల్ ముందుగా వచ్చేవాటిలో ఒకటి. అది హిమాలయాలు, వాటికి ఆవలి చల్లటి ప్రాంతాల నుంచి వచ్చి వేసవి మొదలయ్యేదాకా ఉంటుంది.

ఈ పచ్చదనంలో మనుషుల పాలు కూడా ఉంది. మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి భావనతో 20వ శతాబ్దపు తొలి భాగంలో ఇక్కడ పాఠశాల మొదలైంది. కరువుతోనూ మేతతోనూ బోడిగా మారిన వాలుల మీద పాఠశాల వారు మొక్కలు నాటించారు, నీరు ఇంకే కుంటలు తవ్వించారు. 1991లో లోయను పక్షుల సంరక్షణ ప్రాంతంగా ప్రకటించారు. వాలుకు అడ్డంగా వేసిన గట్టు వాననీటి పరుగును తగ్గిస్తుంది. అలా ఆగిన నీరు ఎర్రమట్టి గుండా దిగి రాతి బీటల్లోకి చేరి, బావుల్లో ఊటగా తేలుతుంది. మిగిలినది వంకలు పట్టి పోతుంది. మదనపల్లె వైపు బాహుదా నది పారి చెయ్యేరులో కలుస్తుంది. ఈ కొండల నీరు ఏ దారిన వెళ్లినా చివరకు చేరేది పెన్నలోకే. శరత్కాలపు వానలో లోయ ఎంత నీటిని తనలో ఇంకించుకుంటే, మార్చి, ఏప్రిల్ నెలల్లో బావుల్లో అంత నీరు మిగులుతుంది.