కంప్యూటర్ పటంలో రోమన్ ద్రాక్షతోటలు

మ్యాపులో అడ్రసు కొట్టి స్నేహితుల ఇల్లు వెతకడం మన పిల్లలందరికీ వచ్చు. మరి రెండు వేల ఏళ్ళ కిందటి ద్రాక్షతోటను వెతకగలమా? తీగలు ఎప్పుడో ఎండిపోయాయి. ఆ నేలమీద ఇప్పుడు ఇళ్ళో, రోడ్లో, గోధుమ చేలో ఉన్నాయి. అయినా పురావస్తు పరిశోధకులు వెతుకుతున్నారు. ఎలాగో చూద్దాం.

జి.ఐ.ఎస్. అనే కంప్యూటర్ పద్ధతిని ట్రేసింగ్ కాగితాల కట్టలా ఊహించుకోండి. ఒక కాగితంమీద ఎత్తుపల్లాలు, ఒకదానిమీద నేల రకాలు, ఇంకొకదానిమీద నదులు, రోమన్ల రోడ్లు, మరొకదానిమీద తవ్వకాల్లో బయటపడ్డ గానుగలు, వైన్ జాడీలు కాల్చిన బట్టీలు. అన్నీ ఒకదానిపై ఒకటి పేర్చితే ద్రాక్షకు అనువైన చోట్లు తేలతాయి. రోమన్ల మాట కూడా సాయపడుతుంది. 1వ శతాబ్దంలో వ్యవసాయ గ్రంథం రాసిన కొలుమెల్లా, చలి ప్రాంతాల్లో తోట దక్షిణానికి, వెచ్చని చోట్ల తూర్పుకు తిరిగి ఉండాలన్నాడు. ఏ వాలు ఎటు తిరిగి ఉందో కంప్యూటర్ ఇట్టే లెక్కగడుతుంది.

అయితే అనువైన చోటల్లా తోట ఉన్న చోటు కాదు. గానుగ దొరికినా చాలదు, ఆలివ్ నూనెకూ అలాంటి గానుగలే వాడేవారు. పక్కన ద్రాక్షగింజలు కూడా దొరికితే నమ్మవచ్చు. పైగా ఎక్కువగా తవ్విన చోటే పటంలో ఎక్కువ చుక్కలు పడతాయి. ఖాళీగా ఉన్నచోట తోటలే లేవనుకుంటే పప్పులో కాలేసినట్టే!

మాకు బాగా నచ్చింది ఇటలీలోని పాంపే కథ. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం పేలి ఆ ఊరు పూడిపోయింది. తీగల వేళ్ళు కుళ్ళిపోయాక నేలలో బొరియలు మిగిలి, వాటిలోకి అగ్నిపర్వతపు చిన్న రాళ్ళు జారాయి. 1960లలో విల్హెల్మినా జాషెమ్‌స్కీ అనే అమెరికన్ ఆచార్యురాలి బృందం ఆ రాళ్ళు తీసి సిమెంటు పోసింది. గట్టిపడ్డాక మట్టి తొలగిస్తే అచ్చం వేరు ఆకారమే! క్రీడారంగం పక్కన ఉన్న ఆ ఒక్క తోటలోనే 2,000కు పైగా తీగల ఆనవాళ్ళు దొరికాయి. అంతకుముందు ఆ స్థలాన్ని పశువుల సంత అనుకునేవారు. ఊరి గోడల లోపల అంత పెద్ద తోట ఉంటుందని ఎవరనుకుంటారు? వాలు, నేల రకం మాత్రమే చూసే పటానికీ అది తట్టదు.

ఇటలీకి దూరంగా, చలి దేశమైన ఇంగ్లండులోనూ ఇలాగే జరిగింది. అక్కడి వొల్లాస్టన్ దగ్గర నీన్ నది లోయలో రోమన్ల కాలంనాటి పొడవాటి నాటుకాలువలు బయటపడ్డాయి. వాటి మట్టిని సూక్ష్మదర్శినిలో పరీక్షిస్తే ద్రాక్షపూల పుప్పొడి కనిపించింది. ఇలా రుజువైన ప్రతి తోటా పటంలో కొత్త చుక్క అవుతుంది, తరువాత ఎక్కడ తవ్వాలో నిర్ణయించడానికి ఆ చుక్కలూ సాయపడతాయి.